వెలికొండ చెట్లకు పేర్లు పెట్టిందెవరు?

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక కబురు తెలిసింది. మా దగ్గర పదో తరగతి చదువుకుని పోయిన పిల్లవాడొకడు ఎర్రచందనం కేసులో జైలుకు పోయాడని. సముద్రం ఒడ్డున మాలపల్లె వాడిది. తండ్రి లేడు. రొయ్యల గుంటల కాడ కాపలా ఉండేవాడు. రొయ్యకు రోగమొచ్చి గుంటలు ఎండబెట్టినాక ఆ పనీ పోయింది. ఎవడో మేస్త్రి వచ్చి "కొండలో దుంగలు మోసే పని, మూడు రాత్రులు" అని చేతిలో అడ్వాన్సు పెట్టి వ్యాను ఎక్కించాడు. దిగినచోట పోలీసులున్నారు. మేస్త్రి లేడు. మేస్త్రికి డబ్బిచ్చినవాడి పేరు ఈనాటికీ ఏ కాగితం మీదా లేదు. తల్లి చెవుల కమ్మలు అమ్మి బెయిలు తెచ్చుకుంది.

వాడు బయటికొచ్చినాక మేము పోయి పలకరించాం. తలొంచుకుని కూచున్నాడు. చాలాసేపటికి ఒక మాట అన్నాడు: "అంత ఖరీదైన చెట్టని నాకు తెలీదు సార్. అది మన కొండల్లో చెట్టని కూడా తెలీదు. మీరు బళ్ళో చెప్పలేదు గదా."

నిజమే, చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా అడవుల సంరక్షణ పాఠం చెప్తున్నాం. హిమాలయాల్లో ఏ చెట్లుంటాయో చెప్పాం, అమెజాన్ అడవి ఎంతుందో చెప్పాం. రెండు బస్సులు మారితే చేరుకునే వెలికొండలో ఏముందో ఒక్కరోజూ చెప్పలేదు. మాకు తెలిస్తే గదా! మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేము. ఆ గడప తొక్కేటప్పుడు చాలా వదిలేసి వచ్చాం. మా అవ్వకు తెలిసిన చెట్ల పేర్లలో సగం కూడా మాకు రావు. ఆ పిల్లవాడికి మేము బాకీ ఉన్నాం. ఈ సంపాదకీయం ఆ బాకీ కింద రాస్తున్నది.

వెలికొండ అంటే నెల్లూరు సీమకు పడమటి గోడ. అటు కడప, ఇటు మనం. తూర్పు కనుమల్లో ఒక వరస. ఉదయగిరి దిక్కు నుంచి రాపూరు, పెంచలకోన మీదుగా వెంకటగిరి దాకా సాగి శేషాచలం కొండలతో చెయ్యి కలుపుతుంది. సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకు కొండతో ఏం పని అనుకోవద్దు. కండలేరు ఆ కొండల్లోనే పుడుతుంది. బొగ్గేరు ఉదయగిరి వైపు కురిసిన వానను పెన్నలో కలుపుతుంది. కొండమీద చెట్టుంటే వాననీరు వేళ్ళెంట ఇంకి నెమ్మదిగా దిగుతుంది. చెట్టు పోతే ఒక్క వాయుగుండానికి మన్నూ రాయీ కలిసి వచ్చి చెరువులో పడతాయి. పూడిపోయిన చెరువు కింద మొదట ఎండిపోయేది చివరి కయ్య. ఆ చివరి కయ్యలు ఎవరికి పట్టాలిచ్చారో మన పల్లెల్లో చెప్పనక్కర్లేదు.

ఆ కొండల్లో వాన తక్కువ, బండ ఎక్కువ. అయినా అక్కడ పెరిగే చెట్లలో కొన్ని ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు. ఎర్రచందనం ఒక్కటే అనుకుంటారు అందరూ. కొండ సాంబ్రాణి ఉంది, దాని బంక నిప్పులమీద వేస్తే ఇల్లంతా వాసనొస్తుంది. తెల్ల కరక ఉంది. మొగి ఉంది, నేరేడుకు దగ్గర చుట్టం, దాని పండ్లు తింటారు. జాలారి ఉంది, గట్టి కొయ్య, గుగ్గిలం కారుతుంది. శేషాచలం, వెలికొండ, లంకమల, నల్లమల, వీటిని ఆనుకున్న తమిళ కొండలు, ఈ వరసలో తప్ప ఇవి సహజంగా పెరగవు. శేషాచలం వైపు పోతే పేరిత ఉంది. చూడ్డానికి ఈతమొక్కలాగా ఉంటుంది. రాక్షసబల్లులు తిరిగిన కాలం నాటి జాతి అది. కొండకు నిప్పంటుకుని మాడిపోయినా మళ్ళీ చిగురేస్తుంది. దాన్ని దేశాల మధ్య అమ్మడానికి వీల్లేదని ప్రపంచ దేశాలన్నీ కలిసి రాసుకున్నాయి.

ఇవి గొప్ప చెట్లు. మరి పేరులేని చెట్లున్నాయే, అవే మనవి. తునికి, సార, ఉసిరి, తాండ్ర, చండ్ర, బిల్లుడు, నారేపి, రేల, బిక్కి, చిల్ల. ఉదయగిరిలో ముస్లిం ఇళ్ళల్లో ఆడవాళ్ళు చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తారు, చూసే ఉంటారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. నర్ది, బిక్కి లాంటి కొయ్య అది. ఏ కొయ్య చీలకుండా వంపు తిరుగుతుందో, ఏది నూనెలో పెట్టినా నల్లబడదో ఆ చేతులకు తెలుసు. ఆ అక్కచెల్లెళ్ళకు అడవిలోంచి ఆ నాలుగు రకాల కొయ్య రాకపోతే ఆ పనీ లేదు, ఆ గుర్తింపు కాగితమూ లేదు.

మా అవ్వ కుండ లోపల చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసేది. గంటకల్లా బురద అడుక్కు దిగి నీళ్ళు తేరేవి. చిన్నప్పుడు అది మాకు ఆటలాగా ఉండేది. పెద్దయినాక అర్థమైంది, అంత బురద నీళ్ళు మా కుండలోకి ఎందుకొచ్చాయో. మంచిరేవు ఊరివాళ్ళది. గొడ్లు దిగే రేవు మనది. మన ఆడవాళ్ళు ఆ నీళ్ళలోనే ప్రాణం నిలుపుకునే ఉపాయం ఒక అడవి చెట్టు దగ్గర నేర్చుకున్నారు. మాదిగ లందలో తోళ్ళు పదును పెట్టింది దేనితో? తంగేడు చెక్కతో, కరక్కాయతో. ఏ కాలంలో ఒలిచిన చెక్కకు పస ఉంటుందో, ఎన్ని రోజులు నానాలో, ఎప్పుడు నీళ్ళు మార్చాలో, అదంతా రసాయన శాస్త్రమే. కానీ అది చేసినవాళ్ళకు దక్కింది వాసన అన్న మాట. శాస్త్రం అన్న మాట దక్కలేదు.

రాపూరు దిక్కున ఒక యానాది అవ్వతో మేము ఒక పూట నడిచాం. మా చేతిలో నోటు పుస్తకం, ఆమె చేతిలో పార. మేము పుస్తకంలో నలభై పేర్లు రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టింది. ఆమె ఇంకా చెప్తానే ఉంది. ఏ బెరడు పాముకాటుకు కడతారు, ఏ చెట్టు పూతకొస్తే తేనె కొండెక్కుతుంది, ఏ కర్ర పొయ్యిలో పెట్టకూడదు. ఒక తుప్ప దగ్గర ఆగి "ఇది ఊరికే ఉన్న తుప్పేనా?" అనడిగాం. నవ్వింది. "నీకు ఎరిక లేకపోతే అది చెట్టు తప్పా, అయివోరా?" అంది. ఇంత తెలిసిన మనిషి కొండలోకి పోవాలంటే గార్డు ఉన్నాడా లేడా చూసుకుని పోవాలి. పెంచలకోన నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడని కథ చెప్తారు. స్వామి అక్కడే ఉన్నాడు. ఆయన అత్తవారి తరఫువాళ్ళకే కొండలోకి దారి లేదు.

ఇక ఎర్రచందనం సంగతి. ఉమ్మడి కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల కొండల్లో, కొంచెం ప్రకాశం, కర్నూలు వైపు పెరిగే చెట్టు. బండరాయి నేలలో నిదానంగా పెరుగుతుంది. లోపల ఎర్ర చేవ పట్టాలంటే ఇరవై ముప్పై ఏళ్ళు సరిపోదు. నీళ్ళలో వేస్తే దుంగ మునిగిపోతుంది, అంత బరువు. చైనాలో పెద్దిళ్ళ కుర్చీలు బల్లలకు, జపానులో మూడు తీగల వాయిద్యానికి, పేరు ముద్రలకు దీని గిరాకీ. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. 1997లో అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్టన్నారు. 2018లో ప్రమాదం కొంచెం తగ్గిందన్నారు. రెండు మూడేళ్ళు తిరక్కుండానే లేదు లేదు, ప్రమాదంలోనే ఉందని మళ్ళీ రాశారు. కాగితం మీద ఎటు మారినా కొండమీద గొడ్డలి చప్పుడు ఆగలేదు.

2013 డిసెంబరులో తిరుమల అడవిలో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. వాళ్ళూ ఉద్యోగం చేసుకునే మనుషులే, వాళ్ళకూ ఇళ్ళున్నాయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మందిని కాల్చి చంపారు. ఎదురుకాల్పులన్నారు. చచ్చిపోయినవాళ్ళంతా తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు, అందులో ఎక్కువమంది కొండజాతి వాళ్ళు, భూమి లేనివాళ్ళు. జాతీయ మానవ హక్కుల సంఘం దాకా పోయింది ఆ సంగతి. మేము ఒకటే అడుగుతున్నాం. ఆ ఇరవై మందిలో ఒక్కడికైనా ఇంట్లో ఎర్రచందనం కుర్చీ ఉందా? ఆ దుంగ రేవు దాటి ఓడెక్కేదాకా ఎన్ని చేతులు మారుతుంది? ఆ చేతుల్లో తుపాకీ గుండు తగిలింది ఎప్పుడూ మొదటి చేతికే. పట్టుకున్న దుంగలను 2014 నుంచి ప్రభుత్వమే ప్రపంచమంతా పిలిచి వేలం వేసింది. కొన్నవాడు దొర. నరికినవాడు దొంగ. చెట్టు ఒకటే.

అలాగని గొడ్డలి పట్టినవాడిని మేము వెనకేసుకు రావడం లేదు. మనవాళ్ళు కూడా ఈ కొండను పాడుచేశారు. పచ్చగడ్డి మొలుస్తుందని ఎండాకాలం నిప్పు పెడతారు. ఆ నిప్పుకు లేత మొక్కంతా పోతుంది, ముసలి చెట్లే మిగులుతాయి. సాంబ్రాణి బంక కోసం గాట్ల మీద గాట్లు పెట్టి చెట్టును చంపేస్తారు. ఉసిరికాయ కోసం కొమ్మ విరిస్తే మరుసటేడు ఏం తింటావని ఆ యానాది అవ్వే తిట్టింది. ఆమెకు ఆ మాట అనే హక్కుంది. మనం మీటింగుల్లో మైకు పట్టుకుని అడవి మాది అంటే సరిపోదు, ఆ తిట్టు కూడా పడాలి.

సర్కారు లెక్క వేరు. రెండేళ్ళకోసారి ఉపగ్రహం ఫోటోలు చూసి దేశంలో అడవి ఎంతుందో చెప్తారు. ఒక హెక్టారుకు తగ్గని నేలలో నూటికి పది వంతులు చెట్ల కప్పు కనిపిస్తే చాలు, అది అడవి కప్పు కింద జమ. ఏ చెట్టు, ఎవరి నేల అని అడగరు. మన ఒడ్డున సవక తోటలున్నాయి, మెట్టలో జామాయిల్ తోటలున్నాయి. నాలుగైదేళ్ళకు నరికి కాగితం మిల్లుకో పొయ్యికో పంపేవి. పైనుంచి చూస్తే అవీ పచ్చగానే ఉంటాయి. జామాయిల్ తోటలోకి పోయి ఒక్క పండు తెచ్చి చూపించండి. మేక కూడా ఆ ఆకు ముట్టదు. ఒక కొండవాలు మీద నలభై రకాల చెట్లు పోయి ఒకే రకం వచ్చినా ఆ లెక్కలో తేడా కనపడదు. పోయింది నలభై రకాల పని, మందు, తిండి. అది మన ఆడవాళ్ళ రోజు లెక్కలో కనపడుతుంది.

పనికిరాని తుప్ప అంటారే, దాని కథ ఒకటి చెప్పాలి. వెలికొండకు అవతల కడప సీమలో కలివికోడి అని ఒక పక్షి. 1900 తర్వాత ఎవరూ చూడలేదు, అంతరించిపోయిందనుకున్నారు పెద్ద పెద్ద పక్షి శాస్త్రజ్ఞులు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర పల్లెవాడు, పిట్టలు పట్టి బతికేవాడు, దాన్ని చూపించాడు. ఆ పక్షి పేరులోనే ఉంది దాని ఇల్లు. కలివి పొదల్లో తిరిగేది కలివికోడి. మనం చిన్నప్పుడు ముళ్ళు గుచ్చుకుంటూ కోసుకుతిన్న కలివికాయల పొదే. శాస్త్రజ్ఞులు ఎనభై ఏళ్ళు వెతికింది వేటగాడి భాషలో ఒక్క మాటలో ఉంది. ఆ తర్వాత అక్కడ లంకమల అభయారణ్యం వచ్చింది. తెలుగు గంగ కాలువ కూడా దారి మార్చుకోవాల్సి వచ్చింది. మంచిదే. కానీ ఆ పొదలకు, ఆ పక్షికి పేరు పెట్టిన జనానికి అభయారణ్యంలో ఏం మిగిలింది?

మన ఒడ్డునే ఉన్న శ్రీహరికోటను చూడండి. పులికాట్ సరస్సుకు, సముద్రానికి నడుమ దిబ్బ. కొండ కాదు గాని అక్కడిది కూడా ఎండకు తట్టుకుని ఏడాదంతా పచ్చగా ఉండే అడవి. పాల, నేరేడు, అల్లి, బలుసు, పేము. తెల్లదొరలు రాకముందు నుంచి యానాదుల చోటు. చిరివేరు తవ్వి ఇచ్చారు, తేనె తెచ్చిచ్చారు, బదులుగా నూకలు తీసుకున్నారు. ఆ దీవి కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి పోయాయి. కాంట్రాక్టర్లు బాగుపడ్డారు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు, 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. యానాదులను బయటికి తెచ్చారు. మేము రాకెట్‌కు ఎదురు కాదు. అది ఎగిరిన ప్రతిసారీ మా పిల్లలను బడి మేడెక్కించి చూపిస్తాం. చప్పట్లు కొడతారు. అయితే కొందరు పెద్దమనుషులు అంటారు: చూశారా, మనుషులను తీసేస్తే అడవి ఎంత బాగా మిగిలిందో! తీసేసింది ఎవరిని? పడవల్లో కట్టెలు పంపినవాడిని కాదు. కంచె వేసేనాటికి అక్కడ కాపాడటానికి ఒక అడవంటూ మిగిలిందంటే అది తరాలుగా అందులో ఉన్నవాళ్ళు మిగిల్చిందే. ఈ మాట ఆ పెద్దమనుషులు ఒప్పుకోరు.

కొండకు కంచె వేయడం ఇవాళ పుట్టిన పని కాదు. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. రిజర్వు అనే మాట అప్పటి నుంచి మన పల్లెల్లో తిట్టులాగా వాడుకలో ఉంది. ఆ రోజుల్లోనే మహాత్మా జోతిరావు ఫూలే రైతు కొరడా పేరుతో రాసిన పుస్తకంలో అడవి శాఖను ఉతికి ఆరేశాడు. కొండలు, బీళ్ళు, మేత నేలలు అన్నీ కలిపేసుకుని పేదవాడి మేకకు నిలబడే చోటు లేకుండా చేశారని. నూట నలభై ఏళ్ళు దాటింది.

ఆ తర్వాత మనకు ఉపయోగపడే చట్టాలు రెండొచ్చాయి. మనవాళ్ళకు ఎవరూ చెప్పరు గనక కొంచెం వివరంగా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి, చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి.

మొదటిది 2006 అటవీ హక్కుల చట్టం. సాగుచేసుకునే నేల ఒక్కటే కాదు, తేనె, తునికాకు, వెదురు, మందుమొక్కలు, గడ్డలు సేకరించుకుని అమ్ముకునే హక్కు ఇందులో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఊరు మొదటినుంచీ కాపాడుకుంటున్న అడవిని కాపాడే హక్కు, అక్కడి జీవజాతుల మీద తమ తెలివికి హక్కు ఉన్నాయి. కొయ్య నరికే హక్కు లేదు, ఎర్రచందనం ఇందులోకి రాదు, ఎవరైనా వస్తుందని చెప్పి డబ్బులు అడిగితే నమ్మొద్దు. నేలకు ఎ ఫారం, ఉమ్మడి హక్కులకు బి ఫారం, ఊరి అడవికి సి ఫారం. గ్రామసభ ఎన్నుకునే అటవీ హక్కుల కమిటీలో మూడింట రెండొంతులు గిరిజనులు, మూడింట ఒక వంతు ఆడవాళ్ళు ఉండాలి. కాగితాలు లేవని బెదరొద్దు. పెద్దవాళ్ళు చెప్పిన మాట రాసిపెట్టినా సాక్ష్యంగా తీసుకోవాలని నిబంధనల్లో ఉంది. యానాదులకు ఇది 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఉంటే చాలు. మాల మాదిగలు, ఇతరులు మాత్రం మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అక్కడ ఉన్నట్టు చూపించాలట. తాతలకు పట్టా ఇవ్వనివాళ్ళు ఇవాళ తాతల కాగితం అడుగుతున్నారు.

రెండోది 2002 జీవవైవిధ్య చట్టం. ప్రతి పంచాయతీకి ఒక కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేమా, వాటి వాడకం రాసిన ప్రజా రిజిస్టరు ఉండాలి. 2004 నిబంధనల్లో కమిటీకి ఏడుగురన్నారు. అందులో ఎస్సీ ఎస్టీలు నూటికి 18కి తగ్గకూడదన్నారు. ఏడుగురిలో నూటికి 18 అంటే ఒక మనిషీ పావు! ఆ పావు మనిషి చేత ఎక్కడ సంతకం పెట్టించారో ఆ దేవుడికే తెలియాలి. 2020 జనవరి 31లోగా రిజిస్టర్లన్నీ పూర్తిచేయాలని హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. గడువు తరుముకొచ్చేసరికి బల్ల ముందు కూచుని రాసేశారన్న విమర్శ దేశమంతా వచ్చింది. మేము చూసిన ఒక పంచాయతీ రిజిస్టరులో వేప, రావి, మర్రి అని రాసి ఉంది. తంగేడు లేదు. చిల్ల లేదు. కలివి లేదు. యానాది కాలనీ గడప తొక్కకుండా రాసిన పుస్తకం అది. దీని మీద 2023లో చట్టం సవరించి, గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ విజ్ఞానం వాడుకుంటే లాభంలో వాటా ఇవ్వనక్కర్లేదన్నారు. గ్రంథాల్లోకి ఎవరి తెలివి ఎక్కింది, ఎవరిది ఎక్కకుండా నోళ్ళలోనే మిగిలింది? నోళ్ళలో మిగిలినది రిజిస్టరులో కూడా లేకపోతే రేపు ఏ కంపెనీయో వచ్చి పట్టుకుపోయినా ఇది మాది అని చూపించడానికి మన దగ్గర ముక్క కాగితం ఉండదు.

1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రోశమ్మ గారు, ఆమెతో నిలబడినవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకునేవాళ్ళే. ఆ పలక పట్టిన చేతులే రాష్ట్రాన్ని కదిలించాయి. అదే జిల్లా మనది. ఆ చేతులు చెట్ల పేర్లు రాయలేవా?

మన సంఘం పెట్టుకున్న పని ఇది. వెలికొండ కింద ఉన్న యానాది కాలనీల్లో, మాల మాదిగ పల్లెల్లో ముసలివాళ్ళు చెప్పే చెట్ల పేర్లు, వాటి వాడకం, అవి ఎక్కడ తగ్గిపోయాయో రాయడం. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ వాళ్ళ ఎదుటే రాయాలి, వాళ్ళకు ఇష్టమైతేనే. మందు తయారీ రహస్యం చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయొద్దు. మంచి ఎర్రచందనం చెట్లు, పేరిత మొక్కలు ఉన్న చోటు మాత్రం ఏ పుస్తకంలోనూ రాయొద్దు, అది చదివేవాళ్ళలో మేస్త్రి కూడా ఉంటాడు. రాసింది గ్రామసభలో చదివి, తీర్మానం చేయించి, పంచాయతీ రిజిస్టరులో చేర్చమని అర్జీ పెట్టాలి. ఒక కాపీ కాలనీలోనే ఉంచాలి. సి ఫారం పెట్టేటప్పుడు ఆ పుస్తకమే పెద్దల వాంగ్మూలం కిందా పనికొస్తుంది. కరపత్రాలు పంచే కార్యకర్తలు ముందుగా ఎవరైనా అవ్వను వెతుక్కోండి, మైకును కాదు.

మొదటి నడక వచ్చే ఆదివారం. నెల్లూరు బస్టాండులో రాపూరు బస్సు దగ్గర తెల్లారి ఆరు గంటలకు కలుద్దాం. సద్దిమూట, నీళ్ళు, నోటు పుస్తకం తెచ్చుకోండి. ఆడవాళ్ళు వస్తే ముందు సీట్లు వాళ్ళవే. జైలుకు పోయొచ్చిన పిల్లవాడిని కూడా రమ్మన్నాం, వాడి చేతిరాత మా చేతిరాత కన్నా బాగుంటుంది. కాసేపు ఆలోచించి, కోర్టు వాయిదా సోమవారానికి పడింది గనక ఆదివారం వస్తానన్నాడు.